సున్నం కొట్టిన గోరీలు

మా అమ్మ గోరీ ఏదో నాకు తెలియదు. ఈ మాట అంటే వినేవాళ్లు నొచ్చుకుంటారు. నాకు మాత్రం అలవాటైపోయింది.

పెనుకొండ కొండకు దిగువన మా ఊరు. ఒకప్పుడు దూదేకులవాళ్ల ఇళ్లే ఒక వీధంతా ఉండేవి. ఊరవతల నడుమెత్తు రాళ్ల గోడ, దాని లోపల మా గోరీలు. కొండవైపున్నవి కోట బాగా బతికిన రోజులవి, చెక్కిన రాళ్లు. అవి ఎవరివో చెప్పేవాళ్లు లేరు. ఇవతలి వరసల్లో ఉన్నది మావాళ్లు. తలవైపొక రాయి, కాళ్లవైపొక రాయి, అంతే. పేరు చెక్కించే స్తోమత ఎవరికుంది? ఏది ఎవరిదో పూడ్చిన మగవాళ్లకు గుర్తుండేది, వాళ్లు కొడుకులకు చూపించేవాళ్లు. ఆడవాళ్లు గోడ దాటకూడదు. ఎందుకని అడిగితే తిట్లు తినాలి.

నాకు ఊహ తెలియకముందే అమ్మ కలరాతో పోయింది. తర్వాత యాభైల్లో వానలు మొండికేసి వీధి ఖాళీ అయింది. కొందరు హిందూపురం, కొందరు బెంగుళూరు చేరారు. పరుపులు కుట్టుకుంటూ నాయనా నేనూ మిగిలాం.

పెద్దలను తలచుకునే షబేబరాత్ పండక్కి నాయన ఏటా గోరీలన్నిటికీ సున్నం కొట్టేవాడు. నేను గోడ బయట నిలబడేదాన్ని. "అద్దో, ఆ యాపచెట్టు కాడ ఉండాదే, అదే మీ యమ్మది" అని చూపించేవాడు. నేను దానివైపు తిరిగి దువా చేసేదాన్ని.

అరవైల్లో నన్ను ధర్మవరం ఇచ్చారు. ఒక ఏడు పండక్కి వచ్చి, మోకాళ్ల నొప్పులతో ఉన్న నాయన వెంట సున్నం కుండ మోసుకుని గోడదాకా వెళ్లాను. ఆయన అన్నిటికీ సున్నం కొట్టి, వేపచెట్టుకు చాలా దూరంగా ఇంకో గోరీ దగ్గర నిలబడి ఫాతెహా చదివాడు.

"అదేంది నాయనా, అమ్మది యాపచెట్టు కాడిది గదా?"

ఆయన కుంచెను కుండలో పెట్టాడు. తర్వాత గోడ దగ్గరికొచ్చాడు.

"నాకు తెలీదు మ్మే. అప్పుడు నేను బెంగుళూరులో కూలికి పోయింటి. వచ్చేతలికే పూడ్చేసినారు. కలరా పీనుగులు శానా, వరసగా పెట్టినారంట, ఏది ఎవరిదో వాళ్లకే గుర్తు లేదంట. పూడ్చినోళ్లు ఒక్కరూ ఈడ లేరు. చూపీ చూపీ అని నువ్వు ఏడుస్తాంటే ఏదో ఒకటి చూపిస్తి. నీ పెండ్లయినాక ఏడాదికొకదాని కాడ నిలబడి సదువుతా. అందుకే అన్నిటికీ సున్నం కొడతాండా."

నాకు కోపం రావాలి. రాలేదు. ఏడుపూ రాలేదు. ఎండకు మాడు కాలుతోంది, ఇంటికెళ్లి ఎసరు పెట్టాలి అనుకున్నాను. పెట్టాను కూడా.

కొన్నేళ్లకు నాయన పోయాడు. మొయ్యడానికి హిందూపురం నుంచి మావాళ్లు వచ్చారు. అందరూ కుర్రవాళ్లే, ఆ గోడ లోపల ఎన్నడూ అడుగుపెట్టనివాళ్లు. ఎవరేమన్నా వినకుండా నేనూ గోడదాకా వెళ్లాను. ఒకతను నా దగ్గరికొచ్చి అడిగాడు.

"అక్కా, మీ యమ్మ యాడుండాది? ఆమె పక్కనే పెడతాం."

వరసలో ఒక గోరీని వేలితో చూపించాను, బాగా తెలిసినదానిలాగే. వాళ్లు దాని పక్కనే తవ్వారు.