హ్యాండిల్ కింద దొరికిన కోపం

పెట్టె తెరవగానే కలరా ఉండల వాసన వచ్చింది. ఆ వాసనతోపాటు నాందేడ్ లైబ్రరీ, భుజాన తుడుపు గుడ్డతో విఠలన్న గుర్తొచ్చారు. ఆ లైబ్రరీ గోడ మీద దాతలందరి పేర్లూ చెక్కి ఉన్నాయి. ఏళ్ల తరబడి పుస్తకాల దుమ్ము దులిపిన విఠలన్న పేరు ఎక్కడా లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నా బడి ఏడో తరగతితో ఆగింది. తర్వాత చదివిందంతా ఆ లైబ్రరీ బల్లల దగ్గరే. విఠలన్న చదివింది ఉర్దూలో నాలుగు తరగతులు; ఇంగ్లీషు మాత్రం నిఘంటువులోంచి నేర్చుకున్నారు. "దులిపేటప్పుడు ఒక పేజీ తెరుస్త చెల్లె. దుమ్ము పోతది, ఒక మాట అంటుకుంటది" అనేవారు.

డెబ్బైల మొదట్లో మా నాన్న గంగారాం పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లులో మిషను నడిపేవాడు. కొత్త మిషను బిగించడానికి మద్రాసు నుంచి వచ్చిన ఇంజినీరు, తిరిగి వెళ్తూ ఇంగ్లీషులో ఒక రిపోర్టు రాసిచ్చాడు. అందులో నాన్న గురించి 'ఫ్లూ ఆఫ్ ది హ్యాండిల్' అని ఉంది. మిల్లు గుమాస్తా దాన్ని మరాఠీలోకి మార్చి, గంగారాం హ్యాండిల్ వదిలేసి పారిపోయాడని రాశాడు. నడుస్తున్న మిషను వదిలి పోయినవాణ్ని పనిలోంచి ఎందుకు తీసేయకూడదో సోమవారం వచ్చి చెప్పమని నోటీసు ఇచ్చారు. దానికి రిపోర్టు నకలు జతచేశారు.

నాన్న అన్నం ముట్టలేదు. "పని పోతే ఇంకోటి దొరుకుతది బిడ్డా. గంగారాం భయపడి ఉరికిండంటే నలుగురిల ఎట్ల తిరగాలె?"

మర్నాడు ఆ నకలు పట్టుకుని లైబ్రరీకి పరుగెత్తాను. నిఘంటువులో 'ఫ్లూ'కు మూలమైన 'ఫ్లై' దగ్గర వెతికితే ఈగ అని ఉంది. విఠలన్న నవ్వారు.

"మీ నాయిన ఈగ అయిండా ఏంది? ఒక్కొక్క మాట పట్టుకుంటే గిట్లనే అయితది. నాలుగు మాటలు కలిస్తె వేరే అర్థమస్తది. హ్యాండిల్ కింద చూడు."

చూశాను. చిన్న అక్షరాల్లో ఉంది: ఒళ్లు తెలియని కోపంతో విరుచుకుపడటం.

"గొడ్డలి పిడి వదులైందనుకో చెల్లె. ఎత్తి కొడితే ఇనుము ఊడి ఎగురుతది. ఎవలకు తాకుతదో తెల్వది. కోపం గూడ గంతే."

ఇంటికెళ్లి నాన్నను అడిగాను, ఆ రోజు కోపమొచ్చిందా అని.

"రాదా మరి? బెల్టుకు అడ్డమున్న రేకు తీసేసి నడుపుమన్నడు ఆ ఇంజినీరు. పక్కన పనిచేసే లచ్చవ్వ కొంగు బెల్టుల చిక్కుతుండె. మిషను బందుచేసి ఆయన మీద గట్టిగ ఒర్లిన."

నిఘంటువు బయటికి ఇవ్వకూడదు. విఠలన్న తన పూచీ మీద అడిగి తీసుకుని, తుడుపు గుడ్డలో చుట్టి, సోమవారం మాతో మిల్లుకు వచ్చారు. మేనేజరు ముందు పేజీ తెరిచి చదివింది మాత్రం నేను. మేనేజరు ఆ పేజీనీ రిపోర్టునూ రెండుసార్లు చూసి, గుమాస్తా వైపు ఒకసారి చూసి, నాన్నను మరాఠీలో అడిగాడు, కోపం తెచ్చుకున్నావా అని.

"హో సాహెబ్" అన్నాడు నాన్న ఛాతీ విరిచి. "కోపమచ్చింది. ఉరకలే."

నోటీసు అక్కడికక్కడే చింపేశారు. ఆ వారంలోనే బెల్టు మీదికి రేకు వచ్చింది.

పుస్తకాన్ని గడప దాటనిచ్చిన గ్రంథపాలకులు మాధవరావు గారికి, జరిగింది జరిగినట్టు మేనేజరుకు చెప్పిన లచ్చవ్వకు, తప్పు ఒప్పుకున్న గుమాస్తా శంకర్‌రావు గారికి, చదువుతుంటే దీపం తగ్గించని మా అమ్మ భూమవ్వకు నా నమస్కారాలు. విఠలన్నకు నమస్కారం చాలదు. ఆయన తుడుపు గుడ్డ ఈ పెట్టెలోనే ఉంది. ఇప్పుడే దానితో నా నిఘంటువు దులిపి, ఒక పేజీ తెరిచాను. ఒక మాట అంటుకుంది.