వినడం నేర్పిన వరహాలమ్మ గారు

వరహాలమ్మ గారు దివంగతులయ్యారన్న వార్త రాయగడలోని మా కిరాణా కొట్టుకు ఫోనులో వచ్చింది. ఫోనెత్తిన నాన్న మొహం చూసి, సరుకు లారీ ఎక్కడో ఘాటీలో బోల్తా పడిందేమో అనుకున్నాను. "మీ మేడం పోయేరటే అమ్మి," అన్నారాయన. పద్మపూర్‌లో తమ్ముడి పొలంలో ఊడుపులు చూడ్డానికి సెలవు పెట్టి వెళ్ళిన మనిషి, గట్టు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగి, చెంబు వచ్చేలోగా పక్కకు ఒరిగిపోయారట. ఆ మాట నా బుర్రకెక్కడానికి చాలాసేపు పట్టింది. ఈలోగా ఎవరో వచ్చి కందిపప్పు అడిగితే తూచి ఇచ్చాను కూడా. ఇచ్చింది పప్పో శనగలో ఇప్పటికీ తెలియదు.

ఒడిశాలోని రాయగడ, కోరాపుట్ ప్రాంతాల్లో ఆమెను ఎరగని తెలుగు కుటుంబాలు తక్కువ. తాతల నాడు శ్రీకాకుళం పల్లెల నుంచి గుణుపురం వైపు వచ్చి స్థిరపడిన రైతు కుటుంబంలో జన్మించి, నర్సుగా ఉద్యోగం చేసి, మందులకు లొంగని దుఃఖాలను ఆసుపత్రి మంచాల మీద చూసి చూసి, నడివయసులో మళ్ళీ పుస్తకాలు పట్టి కౌన్సెలర్ అయిన విదుషీమణి ఆమె. సంస్మరణలో పోయినవారిని శాంతమూర్తులని రాయడం ఆచారం. నేను రాయలేను. ఆమెకు కోపం ముక్కు మీదే ఉండేది. టీ చల్లారితే కోపం, ఆటోవాడు చుట్టూ తిప్పితే అచ్చమైన ఒడియాలో కోపం, అన్నిటికన్నా మిన్నగా నా మీద కోపం. రాయగడలో మా కౌన్సెలింగ్ సెంటర్‌లో ఆ చిన్న గది గుమ్మం దాటితే మాత్రం ఆ కోపం చెప్పులతోపాటు బయటే ఆగిపోయేది. అక్కడ ఆమె వదనంలో కనిపించే ప్రసన్నత అభినయం కాదని గ్రహించడానికి నాకు నెలలు పట్టింది.

ఆమె దగ్గర శిక్షణకు చేరేనాటికి నా దగ్గర పట్టా ఒకటి, ఆత్మవిశ్వాసం బస్తాడు ఉన్నాయి. మాది విజయనగరం వైపు నుంచి వచ్చిన వర్తక కుటుంబం. బేరానికి వచ్చినవాళ్ళతో లేదు అన్న మాట అనకూడదని మా కొట్టులో నియమం. సరుకు అయిపోతే నిండుకుంది అంటాం. పక్క కొట్టు నుంచి తెప్పించైనా ఇస్తాం. అదీ కుదరకపోతే బదులుగా ఇంకొకటి అంటగడతాం గాని వట్టి చేతులతో పంపం. శిక్షణ మొదట్లోనే ఒకావిడ వచ్చి, కొడుకు తనతో మాట్లాడడం మానేశాడు, ఏం చేయమంటారు అని అడిగింది. నేను ప్రాణాయామం చెప్పాను, దినచర్య చెప్పాను, కొడుకును ఎలా పలకరించాలో చెప్పాను. ఆవిడ అన్నిటికీ తలూపి, కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది. ఘనకార్యం చేసినదానిలా మేడం వైపు చూశాను.

"నువ్వింకా కొట్లోనే కూకున్నావే అమ్మి," అన్నారు. "ఆవిడ అడిగింది నీ దగ్గర నేదు. నేదని సెప్పడానికి నామోషీ. అందుకని ఉన్నదల్లా పొట్లం కట్టి ఇచ్చేసేవు."

నాకు ఒళ్ళు మండింది. మా నాన్ననూ మా కొట్టునూ అన్నట్టే తోచింది. ఇంటికొచ్చి అమ్మ దగ్గర కారాలు మిరియాలు నూరితే, మీ మేడం మన కొట్టుకు ఎప్పుడొచ్చిందే, ఇంత బాగా తెలుసు, అని నవ్వి పోపు వేసుకుంది.

ఎవరైనా వచ్చి మాట్లాడి వెళ్ళాక మేడం నన్ను కూర్చోబెట్టి అడిగేది వాళ్ళ గురించి కాదు, నా గురించి. ఆవిడ మొగుడి మాట ఎత్తగానే నువ్వు ఫ్యాను వైపు ఎందుకు చూశావు, కాలు ఎందుకు ఊపావు, అంతసేపు లేని దాహం అప్పుడే ఎందుకు వేసింది. నేను నీళ్ళు నమిలితే వదిలేవారు కాదు. గొంతు పెంచే మగవాడి కథ వినబడితే చాలు, నేను లోపల ముడుచుకుపోయి, పాపం ఆయనకెన్ని చికాకులో అని ఆ మగవాడినే వెనకేసుకొస్తానని నా గురించి నాకు తెలిసింది ఆ కుర్చీలోనే. ఇంత చదివి నా సంగతి నాకే తెలియదా అని ఏడ్చేశాను. తెలిసేక ఏడవడం మంచిదే అన్నారు, ఏ ఓదార్పూ లేకుండా. అంతరంగ పరిశీలన అన్న పెద్ద మాట పుస్తకాల్లో చాలాసార్లు చదివాను. అది ఇంత సిగ్గుగా ఉంటుందని ఏ పుస్తకమూ చెప్పలేదు.

ఆ పరీక్షలో తనకూ మినహాయింపు ఇచ్చుకోలేదావిడ. కోరాపుట్‌లో శిబిరం పెట్టినప్పుడు ఒకనాడు ఒక యువతి తన గోడు చెప్పుకుంటుండగా మధ్యలో ఆపి, "ఈవేళ నా సెవులు నాయి కావమ్మా, రేపు రా, రేపు సరిగ్గా వింటాను," అని బతిమాలి పంపేశారు. ఆ పిల్ల గొంతు అచ్చంగా కాలం చేసిన తన చెల్లెలి గొంతట. ఎదుట ఉన్నది ఎవరో మరిచిపోయి చెల్లెలినే వింటున్నానని వరండాలో నిలబడి నాతో చెప్పారు. ముందు మన గోల ఆపుకోవాలి, అప్పుడు గదా అవతలోల్ల మాట వినబడేది అనేవారు తరచూ. మర్నాడు ఆ యువతి వచ్చింది. మేడం ఆమె మాటలు సాంతం విన్నారు.

ఇక కకిరిగుమ్మ నుంచి వచ్చే ఒక తల్లి సంగతి చెప్పాలి. ఆమె పేరు జానకి అనుకుందాం. రెండేళ్ళ కూతురు జ్వరంతో పోయిన దగ్గర్నుంచి ఈమె మాట మానేసింది. ఇంట్లో దిష్టి తీశారు, తాయెత్తు కట్టించారు. భర్తది స్టేషను దగ్గర చిన్న టిఫిను కొట్టు, నెమ్మదైనవాడు. గురువారం గురువారం కొట్టు కట్టేసి, ఆమెను రైలెక్కించి తీసుకొచ్చి, తాను బయట మెట్ల మీద కూర్చునేవాడు. లోపల మేడం ఆమె ఎదుట, నేను పక్కన. మొదటిసారి ఆమె కంట నీరు చూడగానే, పరామర్శకు వెళ్ళిన మనవాళ్ళందరి నోటా వచ్చే మాటే నా నోటా వచ్చింది, ఊరుకో అమ్మా ఊరుకో అని. వాళ్ళు వెళ్ళాక మేడం నన్ను దులిపేశారు. "ఊరుకోమనడానికి ఆల ఊరోల్లందరూ ఉన్నారు. దానికోసం రైలెక్కి రావాలేటి?" తర్వాత్తర్వాత జానకి ఒక్కొక్క మాటే పలకసాగింది. ఇంటికెళితే మళ్ళీ మౌనమే. ఆమె నోరు విప్పే చోటు భూమ్మీద ఆ గది ఒక్కటే అయింది. పద్మపూర్ బయల్దేరుతూ మేడం, ఈ గురువారం జానకితో నువ్వే కూకో, భయమేటి, అన్నారు. నాతో ఆమె చివరిగా అన్నది అదే.

మేడం పోయిన కబురు తెలియక ఆ గురువారం జానకి వచ్చింది. గదిలోకి తొంగిచూసి, పెద్దమేడం నేరా అని అడిగింది. నేనేం చేయాలో నాకు తెలుసు. ఉన్న నిజం చెప్పి, ఆ దుఃఖంలో ఆమెతోపాటు కూర్చోవాలి. కాని కొట్టులో పెరిగిన నోరు నాది. పద్మపూర్ వెళ్ళారు అన్నాను. అబద్ధమూ కాదు. అయితే ఆవిడొచ్చేకే వస్తానండి అని లేచి, మెట్ల మీద భర్తను తట్టి, వెళ్ళిపోయింది. వెనక నుంచి పిలవలేదు నేను. నేను చేసింది ఏమిటో మేడం అయితే ఒక్క మాటలో చెప్పేవారు, నేను రెండు రోజులు అలిగేదాన్ని, తర్వాత సరిదిద్దుకునేదాన్ని. ఇప్పుడు ఎవరి మీద అలగను?

మరుసటి గురువారం ఆమె రాలేదు. ఆ పై గురువారమూ రాలేదు. చివరికి భర్తకు ఫోను చేసి, ఆవేళ మేడం లేరనే ఆమె వెళ్ళిపోయిందని అన్నాను. ఇంటిది మీ దగ్గర కూడా మాటాడ్డం మానేసిందని అనుకున్నానండి, మేడం గారెప్పుడొస్తారండి, అని అడిగాడాయన ఎంతో ఆశగా. అప్పుడు చెప్పాను.  నూనెలో ఏదో వేగుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఫోను ఆమె చేతికి వెళ్ళింది. ఊపిరి మాత్రం వినబడుతోంది.  

"నా పాప పేరేటని అడిగింది ఆవిడొక్కర్తేనండి," అంది జానకి. "మా ఇంట్లో ఎవులూ పిల్ల పేరెత్తరు. నానూ ఎత్తను. మొదట్రోజు ఆవిడకి ఆ పేరొక్కటే సెప్పేను. మీరూ ఉన్నారు గదండి అప్పుడు. మీకు గేపకం ఉందా?"

ఉన్నాను. జానకి పెదవులు కదలడం గుర్తుంది. మేడం ముందుకు వంగి ఆ పేరు తానూ ఒకసారి మెల్లగా పలకడం గుర్తుంది. ఆ క్షణాన నేను, ఈమెకు ఏం చెబితే బాగుంటుందా అని నాలో నేను మాటలు కూర్చుకుంటున్నాను. పేరు గుర్తు లేదు. అదే చెప్పాను.  ఫోను కట్టయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తడం లేదు.

మా గురువర్యులకు ఎందరో శిష్యులు ఉన్నారు, సంతాప సభలో అందరం కంటతడి పెట్టుకున్నాం, ఆమె లేని లోటు తీరనిదని అందరం అన్నాం. ఆ లోటు ఎంతో నాకు తెలిసింది కకిరిగుమ్మ నుంచి వచ్చిన ఆ ఒక్క ప్రశ్నతో. ఆనాడు ఆ గదిలో చెవులున్నవాళ్ళం ఇద్దరం కూర్చున్నాం, విన్నది ఆమె ఒక్కరే. అమ్మా, మీ పాదాలకు నమస్కరిస్తున్నాను. ఆ బిడ్డ పేరేమిటో చెప్పండి అని అడుగుదామంటే మీరు లేరు.