లైట్‌హౌస్ మీద ఆరేసిన అంగి

దయ్యం కథలు చెబితే నవ్వే రకం నేను. ఇప్పటికీ దయ్యాన్ని చూశానని చెప్పను. నేను చూసింది ఒక తడి అంగిని.

2013లో షార్జాలోని సజ్జా లేబర్ క్యాంపులో ఉంటూ ఎలక్ట్రీషియన్‌గా పనిచేసేవాణ్ణి. ఒక దీవి మీది బ్రిటిష్ కాలంనాటి లైట్‌హౌస్‌ను బాగు చేయాలని, ముందు వైరింగ్ చూసి రమ్మని మా ముదీర్, అంటే మేనేజర్, నన్నూ, మా ఫోర్‌మన్ నర్సయ్యన్ననూ పంపాడు. నర్సయ్యన్నది మెట్‌పల్లి పక్క ఊరు. ఆయన తమ్ముడు అప్పటికి నాలుగేళ్ల కిందట, వీసా ఇచ్చిన కఫీల్ దగ్గర్నుంచి పారిపోయి ఖల్లివల్లి అయ్యాడు. కాగితాలు లేకుండా దాక్కుని బతికేవాళ్లను మేము అలాగే అంటాం. తర్వాత అతని జాడ తెలియలేదు.

పొద్దున పదకొండింటికి పడవ ఒడ్డు చేరుతుంటే, పైన రెయిలింగ్ మీద నీలం అంగి ఆరేసి కనిపించింది.

"ఇధర్ కోయీ నహీ రహతా. పీనే కా పానీ భీ నహీ," అన్నాడు పడవ నడిపే బలూచీ ముసలాయన. ఇక్కడ ఎవరూ ఉండరు, తాగడానికి నీళ్లు కూడా లేవు అని.

తాళం తుప్పుపట్టి తిరగలేదు. హాక్సా బ్లేడుతో నేనే కోశాను. మెట్ల మీద ఇసుక మందంగా పేరుకుని ఉంది. ఒక్క అడుగు గుర్తు లేదు. పైకి వేరే దారీ లేదు.

అంగి అంచు నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. సబ్బు వాసన. ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాను. ఉప్పగా లేదు, మంచినీళ్లే.

నర్సయ్యన్న జేబు కుట్టు మీద వేలు పెట్టి చూశాడు. "గిది మా తమ్మునిదిరా. జేబు చినిగితె మా అవ్వ పచ్చదారంతోని కుట్టింది."

నాకు ముందు ఆయన మీదే అనుమానం వచ్చింది. కానీ పొద్దుటి నుంచీ నా పక్కనే ఉన్నాడు. తర్వాత ముసలాయన మీద. ఎవరినైనా దాచాడేమోనని దీవంతా వెతికాం. రాళ్లు, పక్షుల రెట్టలు తప్ప ఏమీ లేవు. నర్సయ్యన్న తమ్ముణ్ణి పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడు.

మళ్లీ పైకెక్కి నేను అంగి తీయబోతే ఆపాడు. "ఉండనియ్. ఆరినంక ఏసుకుంటడు. ముదీర్‌కు చెప్పకు, పోలీసులొస్తె పట్టుకపోతరు."

నేను చెప్పలేదు. నర్సయ్యన్న తన ఖుబూస్ రొట్టె, నీళ్ల సీసా, తన ఫోన్ నంబర్ రాసిన కాగితం మెట్టు మీద పెట్టాడు. కాగితం ఎగిరిపోకుండా రాయి ఉంచాడు.

పదిరోజులకు మళ్లీ వెళ్లాం. ఖుబూస్ అట్టలా ఎండిపోయింది. సీసా మూత తీయలేదు. రాయి అక్కడే ఉంది. కాగితం లేదు, అంగి లేదు.

ఆ తర్వాత క్యాంపులో నర్సయ్యన్న ఫోన్ మోగితే బయటికి వెళ్లేవాడు. ఎవరని అడిగితే "రాంగ్ నంబర్" అనేవాడు. రాంగ్ నంబర్‌తో అంతసేపు ఎవరు మాట్లాడతారు? ఒకరోజు తలుపు చాటున నిలబడి విన్నాను. ఆయన ఏమీ మాట్లాడటం లేదు. ఫోన్ చెవికి ఆనించి, కళ్లు తుడుచుకుంటూ వింటున్నాడు.

అటువైపు ఎవరున్నారో, ఇది ఏమిటో నేను ఇప్పటికీ చెప్పలేను.