బాపు అద్దిన నలుపు

మా బాపు బట్టలకు రంగులద్దేవాడు. మొఘల్‌పురాలో మా ఇంటి ముందుగదే ఆయన దుకాణం. దుపట్టా వెలిసిపోయినా, జాకెట్టు గుడ్డ చీరకు కలవకపోయినా ఆడవాళ్లు ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. మ్యాచింగ్ సెంటర్లు వచ్చాక ఆ గిరాకీ పోయింది. ఇక మిగిలింది మొహర్రం. మా వెనక వీధుల్లో చాలా షియా ఇళ్లవాళ్లు ఆ సంతాపపు నెలకు ముందు ఇంట్లో ఉన్న పాత బట్టలకే నల్లరంగు వేయించుకునేవాళ్లు. దుఃఖానికి కొత్తబట్ట కొనగూడదని వాళ్ల పెద్దల మాట. నెలపొడుపుకు ముందు వారం రోజులు మా ఇంట్లో గంగాళం కింద మంట ఆరేది కాదు. నలుగురూ పేరు పెట్టి పిలిచి, ముందు నాది అంటే నాది అని తొందరపెట్టే ఆ వారం కోసమే బాపు మిగతా ఏడాదంతా కూర్చునేవాడు.

డిగ్రీ అయ్యాక నాకు నది అవతల ఒక మాల్‌లో ఉద్యోగం దొరికింది. ఊరూరా బ్రాంచీలున్న బట్టల దుకాణం అది. పుర్రె బొమ్మల టీషర్టులు, మోకాళ్ల దగ్గర చిరిగిన ప్యాంట్లు, పిన్నులు గుచ్చిన జాకెట్లు, మెడకు కుక్కగొలుసుల్లాంటి గొలుసులు. లోకం మీద అలిగినవాళ్లు వేసుకునే బట్టలట. ఎక్కడో, ఎప్పుడో, ఎవరో నిజంగానే అలిగి ఉంటారు. మా దగ్గర కొనేవాళ్లు మాత్రం అమ్మను పక్కన నిలబెట్టుకుని "మమ్మీ, ఇంకో సైజు అడుగు" అనే ఇంటర్ పిల్లలు. మూడు నెలలు చూసి నన్ను పర్మనెంట్ చేస్తామన్నారు. అప్పటికి ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది.

యూనిఫాం కింద రెండు టీషర్టులిచ్చారు. నల్లవే, కానీ ఫ్యాక్టరీలోనే కావాలని రంగు పోగొట్టినవి. భుజాల మీదా నడుం దగ్గరా మచ్చలు మచ్చలుగా బూడిదరంగు, వీపు మీద తెల్లటి పుర్రె. మొదటిరోజే బాపు ఆ గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"ఎవడద్దిండు బిడ్డా గిది? గింత మోసమా?"

"గది ఫ్యాషన్ బాపు," అన్నాను.

ఆయన చెవికెక్కలేదు. రంగు పోయిందంటే అద్దినవాడి చెయ్యి మంచిది కాదనేదే ఆయనకు తెలిసిన సంగతి. పోగొట్టడానికి ఎవరో కూలీ తీసుకుంటారని ఎంత చెప్పినా నవ్వేశాడు.

నా సెలవు రోజున జహనుమాలో మా మేనత్త ఇంటికి పోయి సాయంత్రం తిరిగొచ్చాను. చూద్దును కదా, రెండు టీషర్టులూ తీగ మీద వేలాడుతున్నాయి. ముందు నీలంలో ముంచి, ఆ పైన నలుపు వేసి, నీడన ఆరేశాడు. మచ్చ అనేది లేదు. పుర్రెకు రంగు పట్టక అదొక్కటే పళ్లికిలించుకుని ఉంది. బాపు ముఖం వెలిగిపోతోంది.

"ఇగ జూడు. గుడ్డ చినుగుతది గని రంగు పోదు."

నాకు కడుపు మండింది. నాది మొదట్నుంచీ మంచి నోరు కాదు. "నీ రంగు ఎవనికి గావాలె బాపు? లోకమంత రంగు పోయినదే కొంటున్నది. నువ్వింక గా గంగాళం పట్టుకొనే ఏడుస్తున్నవ్. నా నౌకరి పోతది, తెలుస్తుందా?" అన్నాను. ఆయన లుంగీకి చేతులు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు మా మేనేజరు నన్ను ఎగాదిగా చూశాడు. గుంటూరు వైపు మనిషి, చెడ్డవాడేం కాదు. "ఏంటమ్మా ఇది? నీ ఒంటిమీద చూసే కదా కస్టమర్ కొనేది. కొత్తవి వచ్చేదాకా స్టాక్ రూంలో ఉండు," అన్నాడు. "నీ గురించి పైవాళ్లకు ఏం రాయమంటావు?" అని కూడా అన్నాడు. రెండు వారాలు అట్టపెట్టెల మధ్య కూర్చున్నాను. రోజూ పొద్దున లేస్తే ఇవాళే రావద్దంటారేమోనని భయం.

ఆ పెట్టెల్లోనే కనిపించాయి సాదా నల్లవి. పుర్రె లేదు, మచ్చల్లేవు, నిండు చేతులు. అందుకే ఎవరూ కొనలేదు. వాటిని గోడౌన్‌కు తిప్పి పంపాలని మేనేజరు తల పట్టుకున్నాడు. "సర్, మొహర్రం వస్తోంది," అన్నాను. ఏయే వీధులు, ఎన్నిరోజుల ముందు, ఏ వయసు పిల్లలు, చేతులు ఎంత పొడుగుండాలి, వాట్సాప్‌లో ఏమని పంపాలి, అన్నీ చెప్పాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లని అందరూ తిడతారు. నేను లెక్కపెట్టి కాగితం మీద రాసిచ్చాను. బాపు గుర్తుకు రాలేదని అబద్ధమాడను. వచ్చాడు. ఒక్క ఏడాదికి ఏమవుతుందిలే అనుకున్నాను.

పెట్టెలన్నీ ఖాళీ అయ్యాయి. నన్ను పర్మనెంట్ చేశారు. మేనేజరు అందరి ముందూ చప్పట్లు కొట్టించాడు.

ఇంట్లో బాపు ఎప్పటిలాగే వారం ముందు గంగాళం ఎక్కించాడు. మొదటిరోజు ఎవరూ రాలేదు. రెండోరోజూ అంతే. నీళ్లు మరిగి తగ్గిపోతుంటే మళ్లీ పోసి, గుమ్మంలో నిలబడి వీధి చివరిదాకా చూసేవాడు. మూడోరోజు వెనకవీధి ముసలావిడ వచ్చింది. నేను పుట్టకముందు నుంచీ ఇంటిల్లిపాది బట్టలూ మూటగట్టి తెచ్చే మనిషి. ఈసారి చేతిలో తన దుపట్టా ఒక్కటే ఉంది.

"క్యా కరూఁ భాయ్, బచ్చే నై సునే. పిల్లలు నా మాట ఇనకుండ మాల్‌ల రెడీమేడ్ తెచ్చుకున్నరు. మీ బిడ్డ దుకాణమేనంట," అంది.

"ఫికర్ లేదు ఆపా, రేపు నేనే తెచ్చిస్త," అన్నాడు బాపు.

ఆవిడ వెళ్లాక ఆ ఒక్క దుపట్టా గంగాళంలో వేసి కర్రతో తిప్పుతూ, నా వైపు చూడకుండానే అడిగాడు.

"మొహర్రం ముచ్చట ఆ మాల్ దుకాణపోళ్లకెట్ల ఎరుక బిడ్డా?"

"నేనే చెప్పిన బాపు."

కర్ర ఆగింది, మళ్లీ తిరిగింది. "నౌకరి పక్కా అయిందా మరి?"

"అయింది."

"పోనీ తియ్. గిరాకి బయటికేం పోలే, మనింట్లనే ఉన్నది గద."

అది ఎత్తిపొడుపు కాదు. నిజంగానే నన్ను ఓదారుస్తున్నాడు. నేను గడపమీద కూర్చుని ఏడ్చాను, సిగ్గుతో ఏడ్చాను. ఆయన దుపట్టా పిండి ఆరేసి, మంట ఆర్పి, గంగాళం వంచి నీళ్లన్నీ మోరీలో పారబోశాడు. నెలపొడుపుకు ఇంకా నాలుగు రోజులున్నాయి.

మర్నాడు నేను డ్యూటీకి వెళ్లాను. బాపు దుకాణం తలుపు తీయలేదు.