అమ్మేసిన తోటలో గాలి

నిన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆకాశం నల్లబడి, రెడ్డిగూడెం వైపు నుంచి ఒక్కసారిగా గాలి లేచింది. చేతిలో గిన్నె అక్కడే వదిలేసి, గది గదికీ పరుగెత్తి కిటికీలు మూసొచ్చాను. కునుకు తీస్తున్న మా ఆయన చెవిన ఆ హోరు పడకూడదని నా ఆత్రం. అరవై దాటిన మోకాళ్లతో ఈ పరుగులేమిటని నవ్వుకుంటే నవ్వుకోండి. నా కాపురంలో వంట తరవాత ఎక్కువగా చేసిన పని ఇదే.

మామిడి మీద బతికేవాళ్లకు పూత నుంచి కోత దాకా భయమే. పూతకు మంచు, పిందెకు పురుగు, కాయకు గాలి. అందుకే గాలి వీచినప్పుడల్లా మా ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయి వసారాలో తిరుగుతుంటే ఎవరికీ వింతగా తోచలేదు. పైగా మెచ్చుకున్నారు. తోట మీద ప్రాణం పెట్టుకున్నాడు, రైతంటే అలా ఉండాలన్నారు. మా అత్తగారైతే మురిసిపోయేది. మామగారూ అంతేనట, గాలి మొదలైతే మంచం పట్టె పట్టుకుని బిగుసుకుపోయేవారట. ఆవిడ ఆ సంగతి గొప్పగా చెప్పేది, నేనూ గొప్పగానే వినేదాన్ని.

ఆయన అవస్థ చూడలేక ఒక ఏడు పోరుపెట్టి తోటను పూత మీదే వ్యాపారికి అమ్మించాను. మా వైపు అదొక పద్ధతి. బేరం కుదిరి డబ్బు చేతికొచ్చాక ఆ ఏటి గాలీ వానా, లాభం నష్టం అన్నీ వ్యాపారివే. పచ్చడికి నాలుగు కాయలు కావాలన్నా మన తోటలో మనమే అతని మనుషుల్ని అడిగి తెచ్చుకోవాలి. అడగడానికి నాకేం నామోషీ లేదు, ఈయన కడుపునిండా తిని పడుకుంటే చాలనుకున్నాను.

ఆ వేసవిలో తొలి గాలివాన వచ్చిన సాయంత్రం వ్యాపారి మనుషులు షెడ్డులో కూర్చుని టీ తాగుతున్నారు. మా ఆయన మాత్రం వసారా స్తంభం పట్టుకుని, ఊపిరందక, చొక్కా అంతా చెమటతో తడిసిపోయి వణుకుతున్నారు. ప్రాణం పోయేలా ఉందన్నారు.

"తోట ఇప్పుడు మనది కాదు కదండీ," అన్నాను.

"నాకు తెలుసు. దీనికే తెలియట్లేదు," అని గుండె మీద చెయ్యి వేసుకున్నారు.

తోటను వదిలించుకోగలిగాం గానీ, ఇది తోట సంగతి కాదని అప్పుడర్థమైంది. ఇన్నాళ్లూ ఊరంతా ఒక జబ్బును మెచ్చుకుంటూ వచ్చాం.

మైలవరంలో గుండె పరీక్షలు చేసి ఏ లోపమూ లేదన్నారు, బెజవాడలో మానసిక వైద్యురాలికి చూపించమన్నారు. నేనేమన్నా పిచ్చోణ్ణా అని ఈయన అలక, మన వంశంలో అలాంటివి లేవని అత్తగారి రాద్ధాంతం. ఇద్దరినీ బతిమాలి బతిమాలి నా నోరు ఎండిపోయింది. చివరికి ఆయన వచ్చింది నా మీద జాలితోనే. డాక్టరమ్మ మామగారి సంగతి కూడా అడిగి తెలుసుకుంది. ఇది కొన్ని కుటుంబాల్లో ఉంటుందని, ప్రమాదం లేకపోయినా ఒళ్లు ప్రమాదమనుకుంటుందని చెప్పింది. మందు రాసి, అది పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని, తనను అడగకుండా మానకూడదని ఆయన్ని హెచ్చరించింది. చిన్న గాలి ఉన్నప్పుడు తోటలో నిలబడి, భయం దానంతటది తగ్గేదాకా లోపలికి రావద్దంది. నన్ను తోడు వెళ్లొద్దంది, కిటికీలు మూయొద్దంది. మందు మింగడం కంటే ఆ మాట మింగడం కష్టమైంది నాకు.

చెట్ల కింద ఒక్కరే నిలబడ్డ ఆయన్ని వంటింట్లోంచి చూస్తూ ఎన్ని కూరలు మాడ్చానో. కొన్నాళ్లు సగంలోనే వచ్చేశారు, కొన్నాళ్లు అసలు వెళ్లనేలేదు. పూర్తిగా నయమైందని ఇప్పటికీ చెప్పను, మందు కొద్దిగా వాడుతూనే ఉన్నారు. కానీ గాలికి అన్నం ముందు నుంచి లేవడం మానేశారు.

నిన్న నేను కిటికీలన్నీ మూసి ఆయన మంచం పక్కన నిలబడ్డాను. కళ్లు తెరిచి, "ఉక్కపోస్తోంది, ఆ కిటికీ తియ్యవే," అన్నారు. తీశాను. గాలి విసురుగా లోపలికొచ్చింది, తోటలో కాయలు దబదబా రాలుతున్నాయి. ఆయన అటు తిరిగి పడుకున్నారు. నేను మాత్రం గాలి ఆగేదాకా కిటికీ ఊచ పట్టుకుని నిలబడే ఉన్నాను. ఆయన ఒంట్లోంచి ఆ భయం దిగడానికి ఏళ్లు పట్టింది, నాలోంచి దిగేందుకు అన్ని ఏళ్లు నా దగ్గర మిగిలున్నాయో లేదో.