బొట్టు పెట్టిన అమెరికా నోటు

పాత నోట్లు సేకరిస్తానని బస్సులో చెబితే, పక్క సీటు అతను నన్ను ఊరిగాంలోని తమ బంగారు గని క్వార్టర్స్‌కు తీసుకెళ్లాడు. వాళ్ల తాతకు ఎవరో దొర ఇచ్చిన అమెరికా నోటుకు ధర చెప్పాలి.

దేవుడి పటాల ముందు నుంచి వాళ్లమ్మ నోటు తెచ్చింది. ఆ కాలంలో అక్కడ చిన్న ఊళ్ల బ్యాంకులు కూడా నోట్లు ఇచ్చేవి; వాటి మీద బ్యాంకు పేరు, ఊరి పేరు ఉంటాయి. సాధారణంగా చిన్న ఊరి నోటుకే ధర ఎక్కువ. సరిగ్గా ఊరి పేరు మీదే కుంకుమ గట్టకట్టి ఉంది.

"ఊరు తెలియడం లేదమ్మా. కడిగితే ఉన్న విలువా పోతుంది."

"లచ్చిమికి బొట్టు పెట్టకుండా యెట్లుంటామప్పా? అట్లయితే దీన్ని యెవురూ కొనరా?"

"కష్టమే."

కొడుకు ముఖం చిన్నబోయింది.

"మంచిదాయ. ఇంగ వీడు అమ్ముదామని అడగడు," అంటూ ఆవిడ నోటును పటాల ముందు పెట్టి, దాని మీద అదే చోట ఇంకో బొట్టు పెట్టింది.