బోర్లా పడిన చెక్క

చైనాలోని దెజియాంగ్ కొండల్లో అన్ గ్వాంగ్‌షు నవ్వించే దేవుడు నేలతాత ముసుగు కట్టి, రోగాలూ కీడూ పోవాలని ఆడే నువో ఆటకు దిగాడంటే పొలాల్లోని జనం కూడా నవ్వుకుంటూ వచ్చేవారు. ముసుగు తీశాక మాత్రం ఆయన మొహంలో నవ్వుండేది కాదు. పదకొండేళ్లుగా అంతే.

అది మొదలైన ఏడు తియెన్ షుఝి నాలుగేళ్ల కూతురు చియావ్‌యున్‌కి జ్వరమొచ్చి మెడ బిగుసుకుపోయింది. షుఝి పందిని కోయించి, అన్‌ని పిలిపించి ఇంట్లోనే ఆట పెట్టించింది. ఆట చివర దేవుణ్ణి అడగాలి. రెండు వెదురుదుంప చెక్కలు విసిరితే ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడాలి, అప్పుడే దేవుడు ఒప్పుకున్నట్టు. మూడుసార్లు విసిరినా రెండూ బోర్లానే పడ్డాయి. వాకిలి నిండా జనం. అన్ తండ్రి చేతిలో ఎన్నడూ కాదనని చెక్కలవి. అన్ ఆటకని కట్టుకున్న లంగా అంచు సర్దుకుంటున్నట్టు వంగి, కాలి బొటనవేలితో ఒకదాన్ని తిరగేశాడు.

"ఒప్పుకున్నాడమ్మా! పిల్లకేం భయం లేదు!"

ఆసుపత్రికని తెచ్చిన ట్రాక్టర్‌ని షుఝి మరిది వెనక్కి పంపేశాడు. మూడ్రోజుల తర్వాత ఎలాగో తీసుకెళ్తే పిల్ల బతికింది గానీ చెవులు పోయాయి.

అన్‌ని ఎవరూ ఒక్క మాటనలేదు. పైగా పండక్కి పొగబెట్టిన మాంసం పంపారు. అది ఆయన గొంతు దిగలేదు. షుఝి ఇల్లు తప్పించుకుని చుట్టుదారిన నడిచేవాడు.

ఓసారి ఆటలో చియావ్‌యున్ ముందు వరసలో కనిపించింది. జనమంతా నవ్వాక, పక్కవాళ్ల మొహాలు చూసి, తనూ నవ్వుతోంది. అన్ తన మాటలు మర్చిపోయాడు.

మర్నాడు పొద్దున్నే వెళ్లాడు. షుఝి గడపలో మొక్కజొన్న ఒలుస్తోంది.

"చెల్లెమ్మా, ఆ రోజు చెక్క నేనే తిరగేశాను. కాలితో."

"చూశాను."

"చూశావా? మరి అరవలేదేం?"

"ఎలా అరుస్తానన్నయ్యా? అది తిరగాలనే కదా నేనూ మొక్కుతున్నా! పిల్ల చెవులు పోయాక ఎవరితో చెప్పుకోను? నువ్వొచ్చి నోరు విప్పితే నేనూ ఏడవొచ్చని ఎదురుచూశా. పదకొండేళ్లు పట్టింది నీకు."

బరువు దిగుతుందని వచ్చినవాడికి అది రెట్టింపయింది.

తర్వాతి ఆటలో ముసుగు తీసేసి అందరి ముందూ జరిగింది చెప్పాడు. కొందరు ఆయన్ని పిలవడం మానేశారు. పిలిచినవాళ్లనీ ఆయన ముందుగా "డాక్టరుకి చూపించారా?" అని అడిగేవాడు. లేదంటే ముసుగుల పెట్టె తాడు విప్పేవాడు కాదు.

"దేవుడి మీద నమ్మకం పోయిందా గురువుగారూ?" అని ఎకసెక్కాలాడేవారు.

"నా కాలి మీద పోయింది," అనేవాడు.

క్షమించానని షుఝి ఎప్పుడూ అనలేదు. ఆయనా అడగలేదు.